అక్క క్రీము డబ్బా

మార్చి 4, సోమవారం

ఈ రోజు కూడా పాలసీసా అక్క చేతిలోనే ఖాళీ అయింది. పాలు నావి, ఒడి ఆవిడది. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టేది నేను. వాటిని తాగుతూ బుడ్డది చూసేది పెద్దమ్మ మొహం.

మళ్లీ డ్యూటీలో చేరి రెండు నెలలైంది. పిల్లకు ఏడో నెల. అక్క అంటే నా తోటికోడలు, అడక్కుండానే ముందుకొచ్చింది. "క్రెష్‌లూ గిష్‌లూ ఎందుకే, నా దగ్గర వదిలెయ్" అంది. వాళ్లది కింది వాటా, మాది పైది. బావగారు దూరం బస్సులు నడుపుతారు, వారానికోసారి కనిపిస్తారు. వాళ్లమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఆవిడకు ఇల్లంతా ఖాళీ, చేతులు ఖాళీ. అందరూ నీ అదృష్టం అంటున్నారు. అవును, అదృష్టమే. అందుకే కడుపు మండుతోంది.

ఇది రాస్తున్నది నమూనాల గదిలో. మా ఫ్యాక్టరీలో ఏ లోషన్ తయారైనా, ఏ క్రీము తయారైనా, బ్యాచ్‌కి మూడు చొప్పున ఇక్కడ దాస్తాం, రేపెవరైనా ఫిర్యాదు చేస్తే తీసి పరీక్షించడానికి. తాళం నా దగ్గర ఉంటుంది. అన్నం తిన్నాక మిగిలే ఇరవై నిమిషాలు ఇక్కడ నన్నెవరూ వెతకరు.

మార్చి 7, గురువారం

బుడ్డదాని మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక మళ్లీ ఎర్రగా పొలుసులు లేచాయి. గోకి గోకి రక్తం చెమ్మ. పిల్లల డాక్టరమ్మ ఎగ్జిమా అంది. తేమ ఆరనివ్వకండి, పెద్దయ్యాక తగ్గుతుంది అని ఒక ఆయింట్‌మెంట్ రాసింది.

అక్క తన సొంత క్రీము రాస్తోంది. కాచిన ఆవుపాలు, తేనెమైనం, నూనె గిన్నెలో కలిపి చిలికి, మూత ఉన్న గాజు డబ్బాలో పోస్తుంది. వీధిలో సగం మంది పిల్లలు దానితోనే పెరిగారట. అత్తయ్య అయితే ఆ డబ్బాను నెత్తిన పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. "పెద్దదాని చేతిలో ఏదో ఉంది" అంటుంది. చిన్నదాని చేతిలో ఏముందో ఇంతవరకూ చెప్పలేదు.

నా ఉద్యోగమే క్రీములు పరీక్షించడం. ఇంట్లో ఒక్కరైనా నన్ను ఒక మాట అడగాలి కదా.

మార్చి 13, బుధవారం

అడగలేదు కాబట్టి నేనే చూశాను. సోమవారం అక్క డబ్బాలోంచి చెంచాడు తీసి, మా ల్యాబ్‌లో క్రిములు పెంచి చూసే ప్లేట్ల మీద పూసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లో పెట్టాను. ఈ రోజు తీస్తే ప్లేటు నిండా చుక్కలు. పసుపు, తెలుపు, ఒక మూల ఆకుపచ్చ బూజు. పాలల్లో నీళ్లుంటాయి, నిలవ ఉంచే మందు లేదు, ఇక పెరగక ఏం చేస్తాయి.

నిజం రాసుకోవాలి కదా ఇక్కడైనా. భయపడాల్సిన చోట చంకలు గుద్దుకున్నాను. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీశాను. వెలుతురు బాగా లేదని కిటికీ దగ్గర మళ్లీ తీశాను.

మార్చి 14, గురువారం

భోజనాల దగ్గర చూపించాను. అందరూ ఉండగా.

అక్క ఫోన్ చేతిలోకి తీసుకుని ఒక్కొక్క ఫోటో పెద్దది చేసి చూసింది. నేను ఆగలేదు. బూజు సంగతి ఒక్కటే కాదక్కా, అసలు పాలే ప్రమాదం అన్నాను. చిట్లిన చర్మం లోంచి పాల ప్రోటీన్ లోపలికి పోతే కొందరు పిల్లలకు పాలంటేనే పడకుండా పోతుంది, మా ఫ్యాక్టరీ కొనే పాల ప్రోటీన్‌తో వచ్చే కాగితంలో కూడా 'చిట్లిన చర్మం మీద పరీక్షించలేదు' అనే రాసి ఉంటుంది అని చెప్పాను. చూపుడు వేలు కూడా ఊపినట్టున్నాను.

"నా ఇద్దరు కొడుకులకీ పాలమీగడే రాశాను, ఏమైంది వాళ్లకి?" అంది అత్తయ్య.

"చెప్పే పద్ధతొకటి ఉంటుంది కదా. వదినని అందరిలో నిలబెట్టాలా?" అని ఆయన తర్వాత గదిలో అడిగారు.

అక్క మాత్రం ఫోన్ తిరిగిచ్చి "నువ్వు చదువుకున్నదానివి, నాకేం తెలుసమ్మా" అంది. అంతే. మొహం మాడ్చుకుంటే బాగుండేది, అది కూడా చేయలేదు.

మార్చి 26, మంగళవారం

డబ్బా మళ్లీ నిండింది. తెల్లగా, మెత్తగా, ఎప్పటిలాగే.

అంటే నా మాట గాలికి పోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ ప్లేటు మీద పెట్టి చూడాలా అనుకున్నాను, అనవసరం. చూస్తూనే తెలుస్తోంది. ఇంకో సంగతి, పక్కింటావిడ వచ్చి క్రీము అడిగితే "ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదమ్మా" అందట. బయటివాళ్లకు మానేసింది, నా పిల్లకు మాత్రం మానలేదు. నా మీద పంతమే కదా ఇది.

పైగా పొలుసులు తగ్గుతున్నాయి. మోకాళ్ల వెనక చర్మం దాదాపు నున్నగా వచ్చేసింది. "చూశావా" అన్నారాయన. చూశాను.

ఏప్రిల్ 1, సోమవారం

నిన్న అందరూ బజారుకు వెళ్లారు. నాకు తలనొప్పి అని చెప్పాను.

కింది వాటా తాళంచెవి మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. డబ్బా తీసి అందులోది కాగితంలో చుట్టి చెత్తలో వేశాను. డబ్బాను వేడి నీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మా ఫ్యాక్టరీ పసిపిల్లల క్రీము నింపాను. వాసన లేని రకం. నమూనాల గదిలో గడువు దాటని మూడో సీసా, ఎలాగూ వాడరు. గాలి బుడగలు రాకుండా అంచు వెంట నింపడం నాకు చేతనైన పని. పైన గరిటె గీత కూడా ఆవిడ గీసినట్టే గీశాను.

మా దాంట్లోనూ పాల ప్రోటీన్ ఉంది. ఉంటే ఏం? అది ముక్కలు ముక్కలు చేసి, శుద్ధి చేసి వేసేది. గిన్నెలో చిలికింది కాదు. ఆ బ్యాచ్ పరీక్ష కాగితం కింద సంతకం నాది. శుభ్రం కోసం చేశాను. అంతకు మించి ఏమీ లేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

చర్మం ఇంకా బాగుంది. అత్తయ్య ఈ రోజు పిల్ల మోచేతులు నిమిరి "పెద్దదాని క్రీమా మజాకానా" అంది.

అది నా క్రీము. నా బ్యాచ్. నా సంతకం. నేను దొంగతనంగా పోసిన దానికి కూడా మెచ్చుకోలు ఆవిడకే వెళ్తోంది. నవ్వాలో ఏడవాలో తెలియక మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఏప్రిల్ 15, సోమవారం

ఆదివారం మళ్లీ నింపాను. ఇది మూడోసారి.

అక్క అందరి ముందూ, నా వైపు చూసి నవ్వుతూ, "ఈ మధ్య నా డబ్బా తరగడమే లేదు" అంది. దొరికిపోయాననుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, గొప్పలు పోతోంది. తన చేతి మహిమ అని నాకు గుర్తు చేస్తోంది.

ఏప్రిల్ 22, సోమవారం

మోచేతుల దగ్గర కొంచెం ఎరుపు. ఎండలు కదా.

ఏప్రిల్ 30, మంగళవారం

ఎరుపు పోలేదు. మెడ మీద కూడా వచ్చింది. క్రీము రాసిన పది నిమిషాలకు గోక్కుంటోందని అక్క చెప్పింది. "కొన్నాళ్లు ఆపి చూద్దామా?" అని అడిగింది. నన్ను అడిగింది, మొదటిసారి.

ఆపమని అనాలి. అనేసి ఉంటే అయిపోయేది. కానీ ఇన్నాళ్లకు ఆవిడ చేతి మహిమకు చిల్లు పడుతుంటే చూడాలనిపించింది. "నువ్వు చేసిందే కదక్కా, నీ ఇష్టం" అన్నాను.

ఆవిడ నా మొహం కాసేపు చూసి, "అయితే మానను లే" అంది.

చర్మం సరిపడేటప్పుడు మొదట్లో కొంచెం ఎర్రబడుతుంది. చాలా క్రీములకు అంతే.

మే 6, సోమవారం

ఆసుపత్రిలో రాస్తున్నాను. పిల్ల పడుకుంది. బాగానే ఉంది. బాగానే ఉంది. బాగానే ఉంది.

నిన్న మధ్యాహ్నం తనకు మొదటిసారి పెరుగు పెట్టాలి. తొమ్మిదో నెల వచ్చింది, పాల పదార్థాలు మొదలుపెట్టచ్చని డాక్టరమ్మ అంది. మొదటి పాక్కోవడం అక్క చూసింది. మొదటి పన్ను అక్క వేలికే తగిలింది. మొదటి చెంచా పెరుగు నా చేత్తోనే పెట్టాలని పట్టుబట్టాను. అక్క నవ్వి చెంచా నాకిచ్చింది.

రెండు చెంచాలు తింది. మూతి తుడిచాను. మూతి చుట్టూ ఎర్రగా, తర్వాత చెవుల దాకా దద్దుర్లు, పెదవులు ఉబ్బి అసలు నా పిల్లేనా అన్నట్టు. తర్వాత ఛాతీలోంచి పిల్లికూతలు. నేను చెంచా పట్టుకుని అలాగే ఉన్నాను. అక్క పిల్లని లాక్కుని చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. ఎవరి కారు ఆపిందో నాకు తెలీదు. నేను ఆయన బండి మీద వెనకాల వెళ్లాను.

తొడ మీద ఇంజక్షన్ ఇచ్చారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే అని నర్సు మొదలుపెట్టి ఆపేసింది.

మే 7, మంగళవారం

డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి అడిగింది. "ఇంతకు ముందు నోటికి ఆవుపాలు ఇవ్వలేదంటున్నారు. అయినా ఒళ్లు ఇంతలా తిరగబడిందంటే పాలు తనకు ఎక్కడో ముందే పరిచయమై ఉండాలి. తల్లిపాల ద్వారా కావచ్చు, చర్మం మీద నుంచి కావచ్చు. చర్మానికి ఏం రాస్తున్నారు?"

"క్రీము అండీ. పాల క్రీము" అన్నారాయన. అందరం అక్క వైపు తిరిగాం.

"ఎన్నిసార్లు?"

"రోజుకు నాలుగు" అంది అక్క.

"వద్దని నా భార్య ఫోటోలు తీసి మరీ చెప్పింది వదినా" అన్నారాయన. "చెప్పింది కదా."

అత్తయ్య కూడా పెద్దదాన్ని వెనకేసుకు రాలేదు. "పిల్లని చేతులారా చంపబోయావు కదే" అంది.

అక్క పెదవి విప్పలేదు. ఒక్కసారి మాత్రం నా వైపు చూసింది.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. పుట్టినప్పటి నుంచి చర్మానికి ఏమేం రాశారు, అందులో ఏముంది, ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, అన్నీ రాసి శుక్రవారం తెమ్మంది. డబ్బా కూడా తెమ్మంది. "ఒక్కటి తప్పుగా రాసినా నేను తప్పు దారిలో వెతుకుతాను. ఇంకోసారి ఇలా అయితే మనకు ఇంత టైం దొరక్కపోవచ్చు" అంది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మే 8, బుధవారం

ఇంటికొచ్చాం. సెలవు పెట్టాను. ఆయన కింది వాటా తాళంచెవి తీసుకెళ్లి అక్క గుమ్మం ముందు పెట్టి వచ్చారు. ఇక పిల్ల కిందికి వెళ్లదు అని చెప్పారట. అక్క "సరే" అందట.

రోజంతా పిల్ల నాతోనే ఉంది. నా ఒళ్లోనే తాగింది, నా మొహమే చూసింది. నాలుగు నెలలుగా కోరుకున్నది ఇదే.

కాగితం ఖాళీగా ఉంది. 'ఇంట్లో చేసిన పాల క్రీము' అని రాశాను. కొట్టేశాను. మళ్లీ అదే రాశాను. రెండిట్లోనూ పాలే కదా, డాక్టరమ్మకు కావలసింది పాలు అనే మాటే కదా, ఎవరి పాలైతే ఏం అని గంటసేపు నాకు నేనే వాదించుకున్నాను. అక్కది కూడా పాల క్రీమే. ఆవిడ ఎలాగూ మానలేదు. తప్పు సగం ఆవిడదే.

మే 9, గురువారం

పిల్ల నిద్రపోతుంటే అత్తయ్యను కాపలా పెట్టి కిందికి వెళ్లాను. ఏం చెప్పాలో మెట్టు మెట్టుకీ మార్చుకుంటూ దిగాను. సగం తప్పు ఆవిడదే అన్న ముక్క మాత్రం చివరిదాకా ఉంచుకున్నాను.

అక్క గిన్నెలు తోముతోంది. గుమ్మం దగ్గరే నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. డబ్బా మార్చింది నేనే, అయిదు ఆదివారాలు, ఫ్యాక్టరీ క్రీము, అందులోనూ పాల ప్రోటీన్ ఉంది. చివర్లో, "కానీ నువ్వు కూడా పాలు వేయడం మానలేదు కదక్కా" అన్నాను.

అక్క కుళాయి కట్టేసింది.

"నువ్వు ఫోటోలు చూపించిన రోజే మానేశానే. మైనం, నూనె. అంతే వేస్తున్నా. పక్కవాళ్లకు ఇవ్వడం కూడా ఆపేశా, నాకు తెలియని సంగతులు ఇన్ని ఉన్నాయని."

ఒక్క ప్లేటు. ఒక్క ప్లేటు మీద పూసి చూసి ఉంటే చుక్క కూడా లేచేది కాదు. జీవితమంతా పరాయివాళ్లకు వెళ్లే సీసాలు పరీక్షించి, ఆ ఒక్కటీ చూడకుండానే తీర్పు చెప్పాను.

"మరి డబ్బాలోది మారిందని..."

"తెలుసు" అంది. "మొదటి రోజే తెలిసింది. మైనం వాసన పోయింది కదా. నువ్వే పని చేసే చోటి నుంచి మంచిది తెచ్చి పోస్తున్నావనుకున్నా. అందరిలో ఫోటోలు చూపించావు, మళ్లీ నా చేతికి తిన్నగా ఇవ్వడానికి నీకు మొహమాటమేమో అనుకున్నా. అడిగితే చిన్నబుచ్చుకుంటావని అడగలేదు."

చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నేను రోజుకు రెండుసార్లే రాసేదాన్ని. నువ్వు తెచ్చింది, చదువుకున్నదాని చేతిది అని నాలుగుసార్లు రాశా."

ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు చెప్తావని చూశా."

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ నిమిషంలో కూడా నాకు అసూయే కలిగింది. అన్ని తిట్లు తిని నోరు మెదపకుండా నిలబడగలిగినందుకు.

మే 10, శుక్రవారం

కాగితం మీద రాశాను. ఫ్యాక్టరీ పసిపిల్లల క్రీము, బ్యాచ్ నంబరు, పాల ప్రోటీన్ ఎంత శాతం, మార్చి 31 నుంచి, రోజుకు నాలుగుసార్లు. డబ్బా మార్చినవారు: తల్లి. మార్చి సగం దాకా ఇంటి పాల క్రీము, ఆ తర్వాత మైనం, నూనె మాత్రమే, వాటితో పొలుసులు తగ్గుతూ వచ్చాయి అని కూడా రాశాను. డాక్టరమ్మ ముందు ఆయనకూ అత్తయ్యకూ చదివి వినిపించాను.

ఆయన బయటికి వెళ్లిపోయారు. అత్తయ్య నన్ను కాకుండా గోడను చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "రెండు పాల క్రీముల్లో ఏది దీన్ని మొదలుపెట్టిందో ఇప్పుడే చెప్పలేను. ఆవుపాలు నోటికి పెట్టకముందే చిట్లిన చర్మం మీద రాయడం మాత్రం చేయకూడనిది. మైనం, నూనెతో తగ్గుతోందన్నారు కదా, అది తెలియడం మంచిదైంది" అంది. ఆ మాట నా వల్ల కాదు, అక్క వల్ల తెలిసింది.

అక్కడి నుంచే ఫ్యాక్టరీకి వెళ్లాను. మా ల్యాబ్ పెద్దాయన్ని అందరూ తుమ్ముల సారు అంటారు. ఏ సెంటు సీసా మూత తీసినా ఆయనకు తుమ్ములే. నా మాట అయ్యేదాకా ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. "లేబుల్ మీద చిట్లిన చర్మానికి వద్దని వేయించమని రెండేళ్ల నుంచి నేను పైకి రాస్తున్నానమ్మా. ఇప్పుడు వేస్తారు" అన్నారు. తర్వాత చెయ్యి చాచి నమూనాల గది తాళం ఇమ్మన్నారు. ఇచ్చేశాను. ఉద్యోగం సంగతి సోమవారం చెప్తారట.

మే 13, సోమవారం

ఉద్యోగం ఉంది. ప్యాకింగ్‌లో. డైరీ ఇప్పుడు బియ్యం డబ్బా వెనక ఉంటోంది.

మే 16, గురువారం

నిన్న ఆయన, అత్తయ్య ఇద్దరూ కిందికి వెళ్లి అక్కకు క్షమాపణ చెప్పారు. "దానికేముందిలే, పిల్ల బాగుంది కదా" అందట. ఆయన ఏడ్చారట. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే సబబు.

నేనూ వెళ్లాను. పిల్లని మళ్లీ చూసుకో అక్కా అని అడిగాను. అసూయ మాట కూడా చెప్పేశాను, నాకు నీ మీద ఎప్పటి నుంచో కుళ్లు అని. "అది నాకు తెలియదా ఏంటే" అంది, కోపం లేకుండా.

"మరి తీసుకురానా?"

"వద్దు."

"క్షమించావు కదా."

"క్షమించడం వేరు" అంది. "నాలుగుసార్లు రాసింది ఈ చేతులే కదే. రాసిన ప్రతిసారీ అది గోక్కుంటుంటే చూసింది కూడా నేనే. ఆపుదామా అని నిన్ను అడిగానే గానీ నా అంతట నేను ఆపలేదు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే భయమేస్తోంది. దాని ఒంటికి ఏం తగిలినా నా వల్లే అనిపిస్తుంది. ఆ భయంతో నేను పిల్లని పెంచలేను."

రేపటి నుంచి పిల్ల క్రెష్‌కి వెళ్తుంది. అక్కడివాళ్లకు ఒక పేజీ నిండా రాసిచ్చాను. ఆవుపాలు వద్దు, పాలున్న క్రీము వద్దు, మళ్లీ దద్దుర్లు లేస్తే తొడకు వేసే ఇంజక్షన్ ఈ సంచిలో.

మే 21, మంగళవారం

క్రెష్ నుంచి వస్తూ పిల్లని ఎత్తుకునే కింది వాటాలోకి వెళ్లాను. అడగకుండా వెళ్లాను. అక్క తలుపు తీసింది, నాకు కుర్చీ వేసింది, టీ పెట్టింది. పిల్ల ఆవిడను చూడగానే నా భుజం మీంచి రెండు చేతులూ చాచి ఒకటే గింజుకుంది.

నాకు కోపం రాలేదు. తీసుకో అక్కా, తీసుకో అని లోపల ఎంత మొక్కుకున్నానో. నా చేతులతోనే పిల్లని ముందుకు కూడా జరిపాను.

అక్క నవ్వుతూ దాన్నే చూస్తూ, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.